ఫీల్డ్ అనుభవం మీతోనే ఆగిపోకుండా: రిటైరైన అంతర్జాతీయ అభివృద్ధి నిపుణులకు సమగ్ర మార్గదర్శి

అంతర్జాతీయ అభివృద్ధి సంస్థల్లో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైన వారికి తెలిసిన సంగతులు రెండు రకాలు. కొన్ని రిపోర్టుల్లోకి ఎక్కినవి: ఎన్ని బోర్లు వేశారు, ఎంతమంది పిల్లలకు టీకాలు పడ్డాయి, మంజూరైన డబ్బులో ఎంత ఖర్చయింది. వీటి గురించి దిగులక్కర్లేదు, సంస్థ ఆర్కైవ్‌లో ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. మరికొన్ని ఎక్కడా ఎక్కనివి: ఆ జిల్లానే ఎందుకు ఎంచుకున్నారు, రెండో ప్రతిపాదన ఏ మీటింగులో పక్కకు పోయింది, ఎవరు వద్దన్నారు, మంత్రిత్వ శాఖలో ఏ కిందిస్థాయి అధికారి పట్టుబట్టడం వల్ల ఫైలు కదిలింది. ఇవి మనిషితోపాటే పోతాయి. ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నిజంగా పనికొచ్చేవి కూడా ఇవే.

వీటిని బయటికి తీసి, సరిచూసుకుని, వీలైతే పాత ప్రాజెక్టు ప్రాంతాలకు మళ్లీ వెళ్లి, తర్వాతివాళ్లకు అందించడం ఎలాగో ఇక్కడ వరుసగా చెబుతాను. ఆ వరుస తప్పకపోవడం మంచిది. చాలామంది ముందు టికెట్ కొంటారు, తిరిగొచ్చి రాయడం మొదలుపెడతారు, పాత కాగితాలు చివర్లో చూస్తారు. అప్పుడు అక్కడ అడగాల్సిన ప్రశ్నలన్నీ ఇంటికి చేరాక గుర్తొస్తాయి.

1. ముందు పెట్టెలు దించండి

ఫీల్డ్ నోటుపుస్తకాలు, ఇంటికి రాసిన ఉత్తరాలు, స్లైడ్లు, క్యాసెట్లు, మిషన్ రిపోర్టుల కాపీలు అన్నీ ఒకచోటికి చేర్చండి. వీటిలో చాలామంది పట్టించుకోనివి పాత పాస్‌పోర్టులు. వాటిలోని వీసా ముద్రలతో ఏ నెలలో ఏ దేశంలో ఉన్నారో కచ్చితమైన పట్టిక తయారవుతుంది. తేదీల విషయంలో జ్ఞాపకాన్ని నమ్మడానికి లేదు. వరద ముందొచ్చిందా, శిక్షణ శిబిరం ముందు జరిగిందా అన్నది తారుమారైతే మీరు చెప్పే కారణం మొత్తం తలకిందులవుతుంది.

స్కానింగుకు కొలతలు ఇవి: మామూలు కాగితాలకు 300 డీపీఐ, ప్రింటు ఫొటోలకు 600, 35 మిల్లీమీటర్ల స్లైడ్లకు 3000 నుంచి 4000. ఫొటో వెనక ఏదైనా రాసి ఉంటే ఆ వైపు కూడా స్కాన్ చేయండి. కోడాక్రోమ్ స్లైడ్లు చీకట్లో దాచినంత కాలం రంగు బాగానే నిలుపుకుంటాయి కానీ ప్రొజెక్టర్ వెలుగుకు త్వరగా వెలిసిపోతాయి. అందుకని సరదాకి గోడ మీద వేసి చూసుకోకుండా నేరుగా స్కానరుకే ఇవ్వండి. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత స్థలం, తర్వాత విషయం ఉండాలి. మూడు కాపీలు, రెండు వేర్వేరు రకాల నిల్వల్లో, ఒకటి ఇంటి బయట. ఆర్కైవిస్టులందరూ చెప్పే సూత్రమే ఇది.

క్యాసెట్లను మాత్రం వాయిదా వేయొద్దు. టేపు పాడవడం ఒక సమస్యైతే, పనిచేసే ప్లేయరు దొరకడం అంతకంటే పెద్ద సమస్య.

2. ఏది చెప్పవచ్చో తేల్చుకోండి

ఇక్కడే చాలామందికి టెన్షన్. ఐక్యరాజ్య సమితి సిబ్బంది నిబంధనల ప్రకారం అధికారిక విషయాల్లో గోప్యత పాటించాల్సిన బాధ్యత ఉద్యోగం వదిలాక కూడా పోదు. ఇతర సంస్థల ఒప్పందాల్లోనూ ఇలాంటి షరతులు ఉంటాయి. అలాగని పెదవి విప్పకూడదని కాదు. ముందుగా ఏది ఇప్పటికే బహిరంగమో చూసుకుంటే సగం భయం తీరిపోతుంది. 2010 జూలై 1న అమల్లోకి వచ్చిన విధానం ప్రకారం ప్రపంచ బ్యాంకు, మినహాయింపుల జాబితాలో లేని సమాచారాన్నంతా బయటపెట్టాలి. ప్రాజెక్టు ముగింపు నివేదికలు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఐక్యరాజ్య సమితి ఆర్కైవ్‌లో సాధారణంగా 20 ఏళ్లు దాటిన దస్త్రాలు పరిశోధకులకు అందుబాటులో ఉంటాయి. మీరు చెప్పదలచుకున్న విషయం అలాంటి పత్రంలో ఉంటే దాన్నే ఆధారంగా చూపండి.

అసలు జాగ్రత్త పడాల్సింది సంస్థ పరువు గురించి కంటే స్థానిక సహోద్యోగుల గురించి. మీరు వచ్చేశారు, వాళ్లు అక్కడే ఉన్నారు. అప్పట్లో ప్రభుత్వానికి నచ్చని నిజం చెప్పిన జిల్లా అధికారి కొడుకు ఇప్పుడు అదే శాఖలో పనిచేస్తూ ఉండొచ్చు. పేరు రాసే ముందు ఆ మనిషిని అడగండి. అడిగే వీలు లేకపోతే పేరు తీసేయండి. హోదా, ఊరు, సంవత్సరం మూడూ కలిపి రాస్తే పేరు లేకపోయినా గుర్తుపట్టేస్తారు కాబట్టి వాటిలో ఒకటైనా వదిలేయాలి.

3. జ్ఞాపకాలను నిర్ణయాలుగా విడగొట్టండి

ఆత్మకథ రాయాలనే కోరిక సహజమే. దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టమంటాను. ఇంకొకరికి పనికొచ్చేది మీరు దగ్గరుండి చూసిన నిర్ణయం. ఒక్కో నిర్ణయానికి ఒక్కో పేజీ కేటాయించండి. ఆ రోజుకి మీకు తెలిసింది ఏమిటి, ముందున్న దారులు ఏవి, ఎవరు ఏ కారణంతో ఒప్పుకోలేదు, చివరికి ఏం జరిగింది, అది జరిగినట్టు మీకు ఎప్పుడు తెలిసింది. ఈ చివరి ప్రశ్నకు జవాబు రాయడం అన్నింటికంటే కష్టం, అన్నింటికంటే అవసరం కూడా.

బంగ్లాదేశ్ గొట్టపు బావుల సంగతి తీసుకోండి. చెరువులు, కాలువల నీళ్లు తాగి పిల్లలు అతిసారంతో చనిపోతుంటే 1970ల నుంచి యునిసెఫ్, ప్రభుత్వం, ఇతర సంస్థలు తక్కువ లోతు బావులను పెద్ద ఎత్తున వేయించాయి. సూక్ష్మజీవుల లెక్కన చూస్తే అది సరైన పనే. కానీ అప్పటి నీటి పరీక్షల జాబితాలో ఆర్సెనిక్ అనే విషపదార్థం లేదు. బావుల్లో అది ఉందని 1993లో గుర్తించారు. లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం చెబుతుంటే, ఎన్నో బావుల్లో అంతకు ఎన్నో రెట్లు ఉంది. చరిత్రలో ఒక జనాభా విషం బారిన పడిన అతిపెద్ద ఘటన ఇదేనని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చిన వ్యాసం అంది. ఇప్పుడు వెనక్కి తిరిగి తప్పు పట్టడం తేలిక. ఆనాడు ఆ పనిలో ఉన్నవారు చెప్పగలిగింది వేరే ఉంది: పరీక్షల జాబితా ఎవరు తయారు చేశారు, అది ఎక్కడి నుంచి తెచ్చుకున్న జాబితా, భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ గదిలో ఉన్నారా, మొదటి అనుమానం వచ్చినప్పుడు అది పైదాకా చేరడానికి ఎంతకాలం పట్టింది. మరో దేశంలో మరో నీటి పథకం మీద కూర్చున్న యువ ఇంజినీరుకు ఈ జవాబులు కావాలి.

విజయాలను కూడా ఇదే ప్రశ్నలు అడగాలి. పశ్చిమ ఆఫ్రికాలో నది గట్లమీది పల్లెల్లో మనుషులను గుడ్డివాళ్లను చేసిన, నల్ల ఈగ కాటుతో ఒంట్లోకి చేరే పురుగు వల్ల వచ్చే ఆంకోసెర్కియాసిస్‌పై నియంత్రణ కార్యక్రమం 1974లో మొదలై 2002లో ముగిసింది. నల్ల ఈగ లార్వాలు పెరిగే ఏరుల మీద హెలికాప్టర్లు, విమానాలతో మందు చల్లారు. మనిషి ఒంట్లో ఎదిగిన ఆ పురుగు పదేళ్లకు పైగా బతుకుతుంది. కాబట్టి మధ్యలో ఆపితే చేసిందంతా వృథా. మూడేళ్లకో ఐదేళ్లకో మించి మాట ఇవ్వని దాతలను అన్నేళ్లపాటు ఎలా కట్టిపడేశారు? ఆ కథలోని కీటకశాస్త్రం ఎక్కడైనా దొరుకుతుంది. బడ్జెట్ సమావేశాల్లో జరిగిన బేరాలు అక్కడ కూర్చున్నవారే చెప్పాలి.

ఈ పేజీలు రాసేటప్పుడు పక్కన నోటుపుస్తకం తెరిచి ఉంచుకోండి. "మాకు ముందే అనుమానం వచ్చింది" అనే వాక్యం చేతికి తెలియకుండానే వచ్చేస్తుంది. ఆ తేదీ పేజీలో ఆ అనుమానం కనిపిస్తే ఉంచండి, కనిపించకపోతే కొట్టేయండి.

4. పాత ప్రాజెక్టు ప్రాంతానికి తిరిగి వెళ్లడం

ముందు పాలనా వ్యవహారాలు. సమితి పాస్‌పోర్టు ఉద్యోగం వదిలేటప్పుడే తిరిగి ఇచ్చేసి ఉంటారు, దాంతోపాటు వచ్చే సౌకర్యాలూ పోయాయి. ఇప్పుడు మీరు మామూలు ప్రయాణికులు. మనుషులను కలిసి కబుర్లు చెప్పడానికి పర్యాటక వీసా చాలుతుంది కానీ, పద్ధతి ప్రకారం ఇంటర్వ్యూలు చేసి ప్రచురించాలనుకుంటే కొన్ని దేశాలు పరిశోధన అనుమతి అడుగుతాయి. ఆ దేశ రాయబార కార్యాలయంలో ముందే కనుక్కోండి. దారి బాగోలేదని హెచ్చరించే ఆఫీసు రేడియో గది ఇక లేదు, భద్రతా విభాగమూ లేదు. రోజూ ఒక సమయానికి ఇంట్లోవాళ్లకు మెసేజ్ పెట్టే ఏర్పాటు మీరే చేసుకోవాలి.

ఆరోగ్యం గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. పచ్చజ్వరం టీకా పత్రం 2016 జూలై 11 నుంచి జీవితాంతం చెల్లుతుంది, కాబట్టి పాత పసుపు పుస్తకం పారేయకండి, దానిమీద పదేళ్ల గడువు కనిపించినా సరే. అది పోయి మళ్లీ వేయించుకుందాం అనుకుంటే డాక్టరుతో మాట్లాడాకే. 60 దాటినవారిలో, ముఖ్యంగా మొదటిసారి వేయించుకునేటప్పుడు, తీవ్రమైన దుష్ప్రభావాల ముప్పు ఎక్కువ. "నేను అక్కడ ఏళ్ల తరబడి ఉన్నాను, మలేరియా నన్నేం చేయదు" అనే ధీమా వద్దు. అక్కడ ఉన్నప్పుడు ఒంటికి అలవడిన పాక్షిక రక్షణ వచ్చేసిన కొన్నాళ్లకు తగ్గిపోతుంది, నివారణ మాత్రలు వేసుకోవాల్సిందే. బీమాలో విమానంలో తరలించే ఖర్చు కలిసి ఉందా, వయసు పరిమితి ఎంత, పాత జబ్బులకు వర్తిస్తుందా అన్నవి చదివి సంతకం పెట్టండి. సమితి పింఛను తీసుకునేవారైతే ఏటా ఇచ్చే అర్హత పత్రం గడువు ప్రయాణం మధ్యలో పడుతుందేమో చూసుకోండి. ఆ పని ఇప్పుడు ఫోన్ యాప్‌లో కూడా చేయవచ్చు.

అక్కడికి చేరాక ఏం చూడాలి? రాబర్ట్ చాంబర్స్ అనే పరిశోధకుడు దశాబ్దాల కిందటే ఈ రంగంలోని పర్యటనల జబ్బును పట్టుకున్నారు. తారు రోడ్డు వెంటే తిరుగుతాం, ప్రాజెక్టు ఉన్న ఊళ్లే చూస్తాం, పెద్దమనుషులతోనూ మగవాళ్లతోనూ మాట్లాడతాం, వానలు వెలిశాకే వెళ్తాం, మర్యాద కోసం అడగాల్సింది అడగం. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇందులో చాలా భాగం తప్పించుకోలేనిది. ఇప్పుడు మీకు షెడ్యూలు లేదు, కాన్వాయ్ లేదు. కాబట్టి తిరగేసి చేయండి. ఆకలి, రోగాలు ఎక్కువగా ఉండే వానాకాలంలో వెళ్లండి. రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి ముందుకు నడవండి. ప్రాజెక్టు రాని పక్క ఊరికి తప్పనిసరిగా వెళ్లండి. మీ ఊరు బాగుపడింది, పక్క ఊరు కూడా అంతే బాగుపడింది అని తేలితే, ఆ మార్పుకు కారణం మరెక్కడో ఉండవచ్చు. ఇది మింగుడుపడని విషయమే, అయినా ప్రయాణం ఖర్చుకు ఇదొక్కటే న్యాయం చేయవచ్చు.

స్థానిక అధికారులకు వస్తున్నట్టు చెప్పడం మర్యాద. స్వాగత సభ ఏర్పాటు చేయమని పాత సహోద్యోగికి ఫోన్ చేయడం మాత్రం వద్దు. దండలు పడ్డాక నిజం వినపడదు.

"మా ప్రాజెక్టు ఎలా ఉపయోగపడింది?" అని అడిగితే జవాబు మీకు ముందే తెలుసు. మూల్యాంకన నిపుణుడు రిక్ డేవిస్ బంగ్లాదేశ్‌లో పనిచేస్తూ 1990లలో రూపొందించిన పద్ధతి దీనికి మంచి విరుగుడు. ఫలానా సంవత్సరం నుంచి మీ జీవితంలో వచ్చిన అన్నిటికంటే ముఖ్యమైన మార్పు ఏమిటి, అదే ఎందుకు ముఖ్యం అని అడగండి. ప్రాజెక్టు పేరెత్తకండి. వాళ్లంతట వాళ్లే ఎత్తితే రాసుకోండి, ఎత్తకపోతే అదీ రాసుకోండి.

వస్తువులను చూసేటప్పుడు మరమ్మతు గురించి అడగండి. చేతిపంపు ఉదాహరణ చెబుతాను. భారత ప్రభుత్వం, యునిసెఫ్ కలిసి 1970లలో రూపొందించిన ఇండియా మార్క్ 2 పంపు ఎన్నో దేశాలకు వెళ్లింది. గట్టిది. కానీ ఆమ్లగుణం ఉన్న నీళ్లలో దాని ఇనుప గొట్టాలు తుప్పుపడతాయి, నీళ్లు ఎర్రబారి చేదెక్కుతాయి, జనం మళ్లీ చెరువు దారి పడతారు. రిపోర్టు లెక్కలో మాత్రం ఆ పంపు "పనిచేస్తోంది". కాబట్టి పంపు ఆడుతోందా అని చూసి వచ్చేయకుండా, గొట్టాలు చివరిసారి ఎప్పుడు మార్చారు, సామాను ఎక్కడ కొన్నారు, డబ్బు ఎవరిచ్చారు, ఎవరింట్లో ఆ నీళ్లు తాగడానికి వాడతారు అని అడగండి. ఆరోగ్య ఉపకేంద్రం, ధాన్యం గోదాం, బడి ఏదైనా సరే, ఈ నాలుగు ప్రశ్నలను కాస్త మార్చి అడగవచ్చు.

పాత ఫొటోల ప్రింట్లు వెంట తీసుకెళ్లండి. మాటలు కలపడానికి అంతకు మించిన సాధనం లేదు. ముందుగా ఊళ్లో ఒకరికి విడిగా చూపించి, అందులో ఇప్పుడు లేనివాళ్లెవరో తెలుసుకోండి, ఆ ఇంటివాళ్లకు చూపించే తీరు దాన్నిబట్టి మారుతుంది. కొత్త ఫొటోలకు అనుమతి అడగాలి, ఎక్కడ వాడతారో కూడా చెప్పాలి. ఇంకో సంగతి, కొత్త ప్రాజెక్టు తెచ్చారేమోనని అడుగుతారు. నా చేతిలో డబ్బు లేదు, అధికారం లేదు అని మొదటి గంటలోనే తేటగా చెప్పేయండి. "పైవాళ్లతో మాట్లాడతాను" అనే మాట నోట రాకూడదు.

5. పాత సహోద్యోగుల మాటలు రికార్డు చేయండి

ప్రపంచ బ్యాంకు తన మౌఖిక చరిత్ర కార్యక్రమాన్ని 1961లోనే మొదలుపెట్టింది. సమితి మేధో చరిత్ర ప్రాజెక్టు 1999 నుంచి 70 మందికి పైగా ఇంటర్వ్యూలు సేకరించింది. ఇలాంటి సేకరణల్లో ఎక్కువగా వినిపించేది పైస్థాయి గొంతులే. డ్రైవర్లు, దుబాసీలు, టీకాల పెట్టె మోసిన ఆరోగ్య కార్యకర్తలు, జాతీయ సిబ్బంది తక్కువ. మీరు మొదలుపెట్టాల్సింది వీళ్లతోనే, అందరికంటే పెద్ద వయసు వారితో.

ఫ్యాను ఆపేసిన గది, మంచి మైకు, 48 కిలోహెర్ట్జ్ 24 బిట్ వేవ్ ఫైలు. మొదట్లోనే తేదీ, స్థలం, పేర్లు గొంతుతో చెప్పండి. గంటన్నరకు మించి కూర్చోబెట్టకండి, మిగిలింది మరో రోజు. "మీ అనుభవాలు చెప్పండి" అని అడిగితే వీడ్కోలు సభలో ప్రసంగంలాంటిదే వస్తుంది. ఒక మామూలు పని రోజు పొద్దున్నుంచి ఎలా గడిచేదో అడగండి. ఏదైనా నిర్ణయం ప్రస్తావన రాగానే "అప్పుడు ఎవరు ఒప్పుకోలేదు?" అని అడిగి ఊరుకోండి. ఆ తర్వాతి నిశ్శబ్దాన్ని మీరు నింపకండి.

అనుమతి కాగితం మీద ఉండాలి. ఇన్నేళ్ల వరకూ బయటపెట్టవద్దు అనే వెసులుబాటు ఇస్తే మనుషులు చాలా ధైర్యంగా మాట్లాడతారు. రాతప్రతి తయారయ్యాక వాళ్లకు చూపించండి.

6. రాయడం

రిపోర్టు భాష వదిలించుకోవడమే సగం పని. "సామర్థ్య నిర్మాణం జరిగింది" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఎంతమంది నర్సులకు ఏం నేర్పారు, వాళ్లలో ఎవరు ఇంకా అదే పని చేస్తున్నారు అన్నది రాయండి. లాగ్‌ఫ్రేమ్ అనే, లక్ష్యాలను, ఫలితాలను గళ్లలో నింపే ప్రాజెక్టు పట్టిక 1969 నుంచి ఈ రంగాన్ని ఏలుతోంది, మన వాక్యాలు కూడా ఆ గళ్లలోనే ఆలోచిస్తాయి.

ఎక్కడ "నేను" అని రాశారో అక్కడ ఆగి, ఆ పని నిజంగా చేసింది ఎవరో చూడండి. చాలాచోట్ల అక్కడ ఒక జాతీయ అధికారి పేరు రావాలి. డబ్బు గురించి రాస్తే ఏ సంవత్సరపు డాలర్లో చెప్పాలి. దేశాల పేర్లు అప్పటివి వాడి, ఇప్పటివి ఒకసారి చెబితే చాలు: అప్పర్ వోల్టా 1984లో బుర్కినా ఫాసో అయింది, స్వాజీలాండ్ 2018లో ఎస్వాతిని అయింది.

7. తర్వాతి తరానికి అందించడం

నేరుగా పనిలోకి దిగాలనుకునే వారికి దారులున్నాయి. జర్మనీలో బాన్ కేంద్రంగా 1983లో ఏర్పడిన సీనియర్ ఎక్స్‌పర్టెన్ సర్వీస్, నెదర్లాండ్స్‌లో 1978 నుంచి ఉన్న పీయూఎం అనే సంస్థ అనుభవజ్ఞులను స్వచ్ఛందంగా పంపుతాయి. 1970లో ఏర్పాటైన ఐక్యరాజ్య సమితి వాలంటీర్ల సంస్థలో ఇంటి నుంచే చేసే ఆన్‌లైన్ పనులూ దొరుకుతాయి. పాత సంస్థలోనే కన్సల్టెంటుగా చేరాలంటే ఏడాదికి ఎన్ని రోజులు, ఎంత సంపాదన అనే పరిమితులు ఉండవచ్చు, పింఛను మీద ప్రభావం ఉండవచ్చు, ముందు కనుక్కోండి. నా అభిప్రాయం ఒకటి: ఆ దేశంలోనే ఆ పని చేయగలిగినవారు ఉంటే మీరు ఒప్పుకోకపోవడమే మంచిది. వాళ్లడిగితే రాత్రిపూట ఫోన్‌లో సాయం చేయండి.

యువ ఉద్యోగులకు మార్గదర్శనం చేసేటప్పుడు "ఇది మేం 1985లో చేసి చూశాం, కుదరలేదు" అనే వాక్యం తలుపు మూసేస్తుంది. అప్పుడు ఏ పరిస్థితుల్లో కుదరలేదో చెప్పి, ఇప్పుడు వాటిలో ఏవి మారాయో వాళ్లనే చెప్పమనండి. మొబైల్ ఫోన్లు వచ్చాయి, రోడ్లు వచ్చాయి, నాడు కుదరనివి కొన్ని నేడు కుదురుతాయి. సాధారణ సలహాల కంటే వాళ్ల బల్లమీద ఇప్పుడున్న ముసాయిదా ఒకటి తెప్పించుకుని చదవండి. మీ కన్ను వెంటనే పట్టేసే చోట్లు ఉంటాయి: వాహనాలు కస్టమ్స్ నుంచి బయటికి రావడానికి సమయం పెట్టలేదు, సర్వే సరిగ్గా వానల్లో పడింది, ప్రభుత్వ వాటా డబ్బు ఆర్థిక సంవత్సరం మారితే ఆగిపోతుందని రాయలేదు, మూడో ఏడాది తర్వాత జీతాలు ఎవరిస్తారో లేదు. ముప్పై ఏళ్ల అనుభవం పావుగంటలో పనికొచ్చేది ఇలాంటి చోట్లే.

8. కాగితాలు ఎక్కడికి చేరాలి

సంస్థ ఆస్తి అయిన పత్రాలు సంస్థ ఆర్కైవ్‌కే వెళ్లాలి. మీ సొంత నోటుపుస్తకాలు, ఫొటోలు, రికార్డింగులు విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు తీసుకుంటాయి, అన్నీ మాత్రం తీసుకోవు. ముందు పెట్టెల వారీగా జాబితా పంపండి, వస్తువులు తర్వాత. డిజిటల్ కాపీ ఒకటి మీరు పనిచేసిన దేశంలోని ఆర్కైవ్‌కో విశ్వవిద్యాలయానికో ఇవ్వడం మరిచిపోకండి. ఆ చరిత్ర ముందుగా వాళ్లది, దానికోసం వాళ్ల పరిశోధకులు వీసా తీసుకుని మరో ఖండానికి రావాల్సిన పరిస్థితి ఉండకూడదు.

అప్పగింత ఒప్పందంలో కాపీహక్కు ఎవరిది, ఏ భాగం ఏ సంవత్సరం వరకూ మూసి ఉంచాలి, మీ తర్వాత అనుమతి ఎవరిని అడగాలి అన్నవి స్పష్టంగా రాయించండి. ఆ చివరి గడిలో పేరు రాసే ముందు, ఆ బాధ్యత తీసుకుంటారా అని ఆ మనిషిని అడగండి.